నాలుగో నంబరు ఫ్రీజరు

మా బ్యాండుకి శ్రుతి పెట్టింది ఓ పాత ఫ్రీజరు.

బ్లఫ్ రేవులో, ఆల్చిప్పలు ఒలిచే షెడ్డు వెనక,
నాలుగో నంబరుది. గోడంత ఉండేది.
రాత్రంతా ఒకే స్వరం పట్టుకుని గొణిగేది.
ఎంత గట్టిగా వాయించినా దాని గొణుగుడే గెలిచేది.
చివరికి రెవీ విసుగెత్తి
గిటారు తీగలన్నీ దాని మెట్టుకి దించేశాడు.
ఆ రాత్రి మొదటిసారి
గోడకి వేలాడే కత్తులు మాతోపాటు మోగాయి.
తరవాతెప్పుడో ఒక పత్రికలో రాశారు,
"దక్షిణ సముద్రపు బరువు వీళ్ళ నాదంలో ఉంది" అని.
ఉంటే ఉండొచ్చు.
కరెంటు బిల్లు మాత్రం షెడ్డు ఓనరు మెక్‌లీష్‌ది.

పగలు నేనక్కడే ఒలుస్తాను.
మార్చి నుంచి ఆగస్టు దాకా నా వేళ్ళు కత్తివి,
మిగతా నెలల్లో బేస్ గిటారువి.
రెండూ కలిసిన రాత్రుల్లో
తెగినచోట ఉప్పు, ఉప్పుమీద ఉక్కుతీగ.
అలా వాయిస్తే ఎవరికైనా కోపంగానే వినిపిస్తుంది.
నిజానికి నాకెవరిమీదా కోపం లేదు.

డూగల్ టగ్ బోటు ఇంజను పక్కన పెరిగాడు,
వాడికి తాళం ఎవరూ నేర్పలేదు.
హుహానా చేపలు వేయించే కొట్లో
ఆర్డరు నంబర్లు పిలిచేది.
"ముప్పై ఏడూ!" అని ఆమె కేకేస్తే
వానలో, రోడ్డవతల నిలబడ్డ నేను
ఆ నంబరు నాది కాకపోయినా వెళ్ళిపోయాను.
మాకు గాయని దొరికింది అలా.

మొదటి కచేరీ రగ్బీ క్లబ్బులో.
పదకొండు మంది.
అందులో ఇద్దరు టాయిలెట్ ఎక్కడో అడగడానికి వచ్చారు.
మూలన డార్ట్స్ ఆట ఆగనే లేదు.
మూడో పాటలో ఒక బాణం దారి తప్పి
డూగల్ పెద్ద డ్రమ్ములో దిగింది.
వాడు ఆపలేదు.
ఆ చిల్లు ఇప్పటికీ ఉంది,
టేపు వేసి, టేపు మీద తేదీ రాసి.

సీజను డబ్బుల్తో మూడొందల క్యాసెట్లు చేయించాం.
బేకరీవాడి దగ్గర వ్యాను కొన్నాం.
'వేడి వేడి పైలు' అన్న అక్షరాలు ఎంత గీకినా పోలేదు.
ఏ ఊరెళ్ళినా జనం ముందు ఆకలితో వచ్చేవాళ్ళు.
కొందరు ఉండిపోయేవాళ్ళు.

ఆక్లండ్‌లో ఒకాయన, తెల్లటి సోఫా,
కాఫీ ఇచ్చి నెమ్మదిగా చెప్పాడు:
తీగలు కాస్త పైకి బిగించండి,
డ్రమ్ములకి మావాడొకడున్నాడు,
అమ్మాయి ముందు నిలబడితే చాలు, మరీ అంత అరవక్కర్లేదు.
హుహానా కప్పు కింద పెట్టి
"ముప్పై ఎనిమిదీ!" అంది.
మేం లేచాం.
రెవీ లేవలేదు.
కొంచెంసేపే. కాని ఆ కొంచెంసేపు
అందరం చూశాం.

ఇంటికి రెండు రోజుల దారి, మధ్యలో ఓడ.
నోరెత్తితే ఒట్టు.
జలసంధిలో అల లేచినప్పుడు
నలుగురం ఒకే కమ్మీ పట్టుకుని
నాలుగు దిక్కులకి చూశాం.
టిమారు దాటాక పెట్రోలు అయిపోతే
రెవీ తనే దిగి తోశాడు. ఒక్కడే. చాలాసేపు.
స్టీరింగు దగ్గర డూగల్
బ్రేకు మీంచి కాలు తియ్యలేదని
మాకు అరగంట తరవాత తెలిసింది.
ముందు నవ్వింది రెవీనే.

వచ్చేసరికి మెక్‌లీష్ కొత్త ఫ్రీజరు పెట్టించాడు.
చప్పుడే లేదు దానికి, పిల్లి నడకలా.
ఆ నిశ్శబ్దంలో ఎక్కడ నిలబడాలో తెలియక
ప్లగ్గులు పెట్టుకుని ఊరికే కూర్చున్నాం.
అప్పుడు రెవీ, మాతో కాదు, గోడతో అన్నట్టు,
ముక్కుతో సన్నగా గొణిగాడు.
ఆ స్వరమే. వెంట్రుకవాసి తక్కువేమో,
హుహానా అందుకుని సరిచేసింది.
డూగల్ పుల్లలు కొట్టి నాలుగు లెక్కపెట్టాడు.

పాతది షెడ్డు బయట వెల్లకిలా పడుంది.
మిగిలిన క్యాసెట్లు అందులోనే దాచాం, తడవవని.
నూట పన్నెండున్నాయి.
కావాలంటే చెప్పండి, పంపిస్తాను.
కొంచెం నీచు వాసనొస్తుంది,
ముందే చెబుతున్నాను.